పాత డ్రమ్ములు, ఐబీసీ ట్యాంకులతో ఏం చేయించుకోవచ్చు? ముందు వాటిలో ఏముండేదో తెలుసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. భీమవరం పక్కనున్న ఉండి ఊరి దగ్గర మీకు చేపల చెరువు, ఇంటి దగ్గర రెండు గేదెలు ఉన్నాయి. పాత ఇనుము కొట్టులో ఎనిమిది నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, నాలుగు ఇనప డ్రమ్ములు, ఇనప పంజరంలో ఉండే వెయ్యి లీటర్ల తెల్ల ట్యాంకులు (ఐబీసీ ట్యాంకులంటే ఇవే) రెండు చవగ్గా వస్తున్నాయి. వాటితో చెరువులో మేత సంచులు కట్టడానికి తెప్ప, గేదెలకు తొట్లు, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీళ్ల నిల్వ, ఒక పొయ్యి చేయించుకోవాలనుకుంటున్నారు. ఎలా కడగాలి, ఎలా కోయాలి, తాగే నీళ్లు పోసుకోవచ్చా అన్నది ప్రశ్న.

తెప్ప, తొట్లు, వాడుక నీళ్ల ట్యాంకు, పొయ్యి నాలుగూ చేయించుకోవచ్చు. తాగే నీళ్లు మాత్రం వీటిలో పోయకండి. డ్రమ్ములో ముందు ఏముండేదో కొట్టు యజమాని కచ్చితంగా చెప్పలేకపోతే, ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఏం చేయించాలన్నది తర్వాతి సంగతి. అందులో ఏముండేదో తెలిస్తే అది దేనికి పనికొస్తుందో దానంతట అదే తేలిపోతుంది.

పాలకొల్లు వైపు నాకు వెల్డింగ్ షాపు ఉంది. 22 ఏళ్లుగా ఇదే పని. ఇప్పటివరకు కొన్ని వందల డ్రమ్ములు కోసి ఉంటాను. షాపు పెట్టిన మూడో ఏడు జరిగింది ఒకటి ముందు చెప్పాలి. ఒక పెయింటింగ్ కాంట్రాక్టరు థిన్నర్ డ్రమ్ము తెచ్చి నిలువునా కోసిమ్మన్నాడు. నాలుగు నెలలుగా ఎండలో బిరడాలు తీసే ఉంది, లోపల చుక్క లేదు అన్నాడు. వంచి చూశాం, నిజంగానే ఏమీ కారలేదు. నా దగ్గర పనిచేసే 19 ఏళ్ల కుర్రాడు గ్రైండర్ పెట్టాడు. బ్లేడు రేకులోకి దిగీ దిగగానే డ్రమ్ము అడుగు మూత ఊడి షెడ్డు రేకుకు తగిలింది. కుర్రాడి ముంజేయి కాలింది. చెవుల్లో హోరు చాలా వారాలు తగ్గలేదు. అతను డ్రమ్ము చివరన కాకుండా పక్కన నిలబడి ఉండబట్టి ప్రాణంతో ఉన్నాడు. ఆ రోజు నేను అడగాల్సింది అడగలేదు. అందుకే ఇప్పుడు ఎవరు డ్రమ్ము తెచ్చినా ముందు అదే అడుగుతాను.

ఖాళీ డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదమని చాలామందికి తెలియదు. ద్రవం నిండుగా ఉంటే ఆవిరికి, గాలికి చోటే ఉండదు. ఖాళీ అయ్యాకే ఆ రెండూ కలుస్తాయి. థిన్నర్లలో ఎక్కువగా ఉండే టోలిన్ ఆవిరి గాలిలో ఒకటింపావు శాతం ఉన్నా అంటుకుంటుంది. 200 లీటర్ల డ్రమ్ములో ఆ మోతాదు రావడానికి రెండు టీ చెంచాల టోలిన్ చాలు. అంత మాత్రం డ్రమ్ము అతుకుల మడతలో, బిరడా గాడిలో దాక్కుంటుంది. వంచితే కారదు. గ్రైండర్ వేడి తగలగానే ఆవిరవుతుంది. డీజిల్, ఇంజనాయిలు డ్రమ్ములకు ఈ భయం లేదనుకోకండి. చల్లగా ఉన్నప్పుడు అవి ఆవిరి కావు గానీ, కోసేచోట రేకు ఎర్రబడితే అడుగున పట్టిన జిడ్డు కూడా ఆవిరవుతుంది.

ఇక డ్రమ్మును చదవడం. కొట్టుకు వెళ్లినప్పుడు ధర అడిగే ముందు ఇవి చూడండి.

లేబుల్ ఉంటే ఫోన్లో ఫోటో తీయండి. ఎర్ర గీతల డైమండ్ గుర్తుల్లో మంట బొమ్మ ఉంటే మండేది, పుర్రె ఉంటే విషం, చేతి మీద చుక్కలు పడుతున్నట్టు ఉంటే చర్మాన్ని, లోహాన్ని తినేసే యాసిడ్ లేదా క్షారం, ఎండిన చెట్టు, చచ్చిన చేప ఉంటే నీటిలో బతికే వాటిని చంపేది. చేపల చెరువు ఉన్న మీకు ఆ చివరి బొమ్మ మరీ ముఖ్యం. లేబుల్ గీకేసి ఉన్న డ్రమ్ములను నేను అనుమానంగానే చూస్తాను. అంత కష్టపడి గీకింది ఎందుకో ఆలోచించండి.

లేబుల్ లేకపోయినా, ప్రమాదకర సరుకులు రవాణా చేయడానికి తయారైన డ్రమ్ము మీద యూఎన్ గుర్తు పక్కన ఒక కోడ్ అచ్చు వేసి ఉంటుంది. 1ఏ1 అంటే మూత తెరుచుకోని ఇనప డ్రమ్ము, పైన రెండు బిరడాలే ఉంటాయి. 1ఏ2 అంటే మూత మొత్తం ఊడివచ్చే ఇనప డ్రమ్ము. ప్లాస్టిక్ వాటికి ఏ బదులు హెచ్ ఉంటుంది. మీరు చూసిన పంజరం ట్యాంకుకు సాధారణంగా 31హెచ్ఏ1 అని ఉంటుంది. ఈ కోడ్ డబ్బా గట్టితనం గురించి చెబుతుందే తప్ప లోపల ఏముండేదో చెప్పదు. అలాగే మూడు బాణాల మధ్య 2 అంకె కనిపిస్తే అది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ అని మాత్రమే అర్థం. 'రెండో నంబరు కాబట్టి ఫుడ్ గ్రేడ్' అని కొట్టుల్లో చెబుతుంటారు. అది నిజం కాదు. పురుగుమందు క్యాను మీద కూడా అదే 2 ఉంటుంది.

ప్లాస్టిక్ డ్రమ్ము మీద గడియారంలాంటి చిన్న గుండ్రటి ముద్ర వెతకండి. మధ్యలో ఏడాది, బాణం చూపించేది తయారైన నెల. ప్రమాదకర ద్రవాల రవాణాకు ఇలాంటి ప్లాస్టిక్ డ్రమ్ములను, ట్యాంకులను తయారైన నాటి నుంచి 5 ఏళ్లకు మించి వాడకూడదని నియమం. మనకు ఆ నియమం వర్తించదు గానీ, పదేళ్లు ఎండలో పడి ఉన్న డ్రమ్ము తెప్పకు కడితే నడి చెరువులో పగులుతుంది. గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతుంటే వదిలేయండి.

మూత తీసి ముక్కు పెట్టి వాసన చూడటం మన దగ్గర అందరికీ అలవాటు. దయచేసి మానేయండి. కొన్ని వాయువులు ముందు వాసన తెలిసే శక్తినే చంపేస్తాయి.

మీరు నిశ్చింతగా కొనదగ్గవి ఇవి: బెల్లం మడ్డి, గ్లూకోజ్ సిరప్, మామిడి గుజ్జు, వంటనూనె, వెనిగర్, గ్లిజరిన్ వచ్చిన డ్రమ్ములు. స్వీట్లు, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ తయారుచేసే చోట ఇవి దొరుకుతాయి. ఆక్వా రైతులు ప్రోబయోటిక్ (చెరువులో చల్లే మేలుచేసే సూక్ష్మజీవులు) కలపడానికి మడ్డి డ్రమ్ములు తెప్పించుకుంటారు కాబట్టి భీమవరం చుట్టుపక్కల వాటికి కొదవ లేదు. కొట్టు కన్నా నేరుగా అలాంటి చోట అడగడం మేలు. ఎందులో ఏం వచ్చిందో వాళ్లకు తెలుసు.

ఏ ధరకూ కొనకూడనివి పురుగుమందులు, ఫార్మాలిన్, యాసిడ్లు, థిన్నర్లు, పేరు తెలియని ఫ్యాక్టరీ రసాయనాల డ్రమ్ములు. పురుగుమందు డబ్బాలను తిరిగి వాడకూడదని, పగలగొట్టి జనావాసాలకు దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది. ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ పీపాలను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వ్యర్థాల జాబితాలోనే పెట్టాయి. ఫ్యాక్టరీలు వాటిని అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. అందుకే కొట్టువాడిని బిల్లు అడగండి. బిల్లు ఇవ్వని సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో అతనూ చెప్పలేడు.

'బాగా కడిగితే పోదా?' అని మీరూ అడుగుతారు. ఇనుము సంగతి వేరు. ప్లాస్టిక్ మాత్రం రసాయనాన్ని పీల్చుకుంటుంది. పైపైన కడిగినా గోడలో ఉన్నది తర్వాత మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. మొగల్తూరు వైపు ఒక రొయ్యల రైతు ప్రోబయోటిక్ పులియబెట్టడానికి ఎక్కడో చవగ్గా దొరికిన నీలం డ్రమ్ము వాడాడు. సర్ఫుతో మూడుసార్లు కడిగానన్నాడు. చెరువులో చల్లిన మర్నాడు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేల్లో రొయ్యలు చచ్చి కనిపించాయి. ఆరా తీస్తే అది సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు వచ్చిన డ్రమ్మని తేలింది. ఆ జాతి మందులు మనుషుల కంటే రొయ్యలను, చేపలను చాలా తక్కువ మోతాదులోనే చంపుతాయి. పంట మొత్తం పోయాక ఆయన నా షాపు ముందు కూర్చుని లెక్కలు చెప్పుకున్న సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆహార పదార్థాల డ్రమ్ముల వరకే కడగడం గురించి చెబుతాను. మడ్డికి, సిరప్‌కు వేడినీళ్లు చాలు. సగం పోసి, బిరడా బిగించి, పడుకోబెట్టి దొర్లించి పారబోయండి. మూడుసార్లు చేస్తే శుభ్రమవుతుంది. బిరడా బిగించేముందు నీళ్లు కాస్త చల్లారనివ్వండి, లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి తెరిచేటప్పుడు మీద చిమ్ముతుంది. వంటనూనె జిడ్డుకు వేడినీళ్లలో బట్టల సోడా కలపండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. జిడ్డు వదలడానికి పెట్రోలు పోసి కడిగేవాళ్లు ఉన్నారు, అది మంచి డ్రమ్మును బాంబు చేయడమే.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి. కడగాలంటే ఆక్వా వాళ్ల చేతికి ముందు తగిలేది బ్లీచింగ్ పౌడరే. యాసిడ్ ఉన్న డ్రమ్ములో బ్లీచింగ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఏముండేదో తెలియని డ్రమ్ములో బ్లీచింగ్ ఎప్పుడూ పోయకండి. ఇంకొకటి, ఐస్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీల గోడల్లో చలి నిలవడానికి పఫ్ అనే గట్టి నురగ నింపుతారు కదా, దానికి వాడే ఐసోసైనేట్ డ్రమ్ములు కూడా మన కొట్లకు వస్తుంటాయి. వాటిలో నీళ్లు పోసి బిరడా బిగిస్తే లోపల గ్యాసు పుట్టి డ్రమ్ము ఉబ్బి పేలుతుంది. అవి అసలు ముట్టుకోవద్దు.

మీ తెప్ప గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

నీలం డ్రమ్ము పొడవు సుమారు 90 సెంటీమీటర్లు, అడ్డం 58. బిగుతుగా మూసి నీళ్లలో పూర్తిగా ముంచితే దాని బరువు పోను 200 కేజీల వరకు మోయగలదు. కానీ పూర్తిగా మునిగేలా లెక్క వేయకూడదు. సగం మునిగేలా, అంటే డ్రమ్ముకు 100 కేజీలు మాత్రమే లెక్క వేసుకోండి. ఆరు డ్రమ్ములైతే 600. అందులో డ్రమ్ముల సొంత బరువు 55, ఫ్రేమ్, పైన పలకలు 120 తీసేయండి. మిగిలింది 425. ఇద్దరు మనుషులు 130 కేజీలనుకుంటే, 50 కేజీల తవుడు బస్తాలు ఐదు వేసుకుని నిశ్చింతగా తిరగొచ్చు. ఆరోది వేసినా మునగదు గానీ, గట్టు నుంచి ఒక్కసారి ఎక్కితే ఒకవైపు వాలుతుంది.

మూడేసి డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి రెండు వరుసలు పెట్టండి. రెండు వరుసల మధ్య కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి. ఆరూ దగ్గరగా పేరిస్తే చూడటానికి ముద్దుగా ఉంటుంది గానీ, పక్కకు వంగి సంచి కట్టేటప్పుడు తిరగబడుతుంది. వరుసలు ఎంత దూరంగా ఉంటే అంత నిలకడ.

డ్రమ్ములకు బోల్టులు వేయడానికి చిల్లులు పెట్టకండి. పైన ఫ్రేమ్ చేసి, దాని నుంచి ఒక్కో డ్రమ్ముకు రెండు చోట్ల ఇనప పట్టీని బెల్టులా చుట్టించి, పట్టీకి ప్లాస్టిక్‌కు మధ్య పాత ట్యూబు ముక్క వేయించండి. నైలాన్ తాడుతో కట్టినవి ఎండకు ఏడాదిలో పీచులా విడిపోతాయి. ఫ్రేముకు సరుగుడు కర్రలు వాడినా బాగానే ఉంటుంది, రెండేళ్లకోసారి మార్చుకోవాలి. మీ చెరువులో ఉప్పు తక్కువైతే ఇనప యాంగిల్‌కు రెడాక్సైడ్ రెండు కోటింగులు వేయించండి. నరసాపురం, మొగల్తూరు లాంటి ఉప్పునీటి వైపు అయితే మాత్రం జింకు పూత ఉన్న జీఐ పైపే.

డ్రమ్ము పడుకోబెట్టినప్పుడు రెండు బిరడాలూ ఒకే ఎత్తులో పక్కపక్కలకు వచ్చేలా తిప్పండి. ఒకటి పైకి, ఒకటి కిందికి పెడితే కిందిది ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. లోపలి రబ్బరు వాషర్లు కొత్తవి వేసి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, పైన సిలికాన్ పెట్టండి. ఈ పని తెల్లవారుజామున చల్లటి పూట చేయండి. మధ్యాహ్నం ఎండలో బిరడా బిగించి చెరువులో దింపితే, లోపలి వేడి గాలి చల్లబడి ముడుచుకుని డ్రమ్ము గోడలు సొట్టపోతాయి. ఒకసారి ఆరు డ్రమ్ములూ అలాగే సొట్టపోయి నా దగ్గరికి వచ్చాయి.

ఇనప డ్రమ్ములు తెప్పకు వద్దు. నీటి అంచు తాకే చోట తుప్పు పట్టి, పైకి బాగానే కనిపిస్తూ అక్కడ చిల్లు పడుతుంది.

తెప్ప మీదకు ఎవరు ఎక్కినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి. చెరువే కదా అనకండి. ఇంకో మాట, ఈ తెప్ప చెరువుకే. గోదావరిలోకి, పంట కాలువలోకి దించొద్దు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో కొందరు డ్రమ్ములు కట్టిన తెప్పల మీద సామాన్లు దాటించారు. తెడ్డుకు, గడకు అది లొంగదు. ప్రవాహంలో బల్లపరుపు తెప్ప పక్కకు తిరిగితే ఆపలేరు. వరదలో పడవ, బోటు కోసమే ఆగాలి.

గేదెల తొట్లు. ఒక నీలం డ్రమ్మును నిలువునా కోస్తే రెండు తొట్లు వస్తాయి. ఇక్కడ చిన్న కిటుకు ఉంది. డ్రమ్ము పైన రెండు బిరడాలు ఎదురెదురు అంచుల్లో ఉంటాయి. కోత గీత ఆ రెండింటికీ సరిగ్గా మధ్య నుంచి వెళ్లేలా గీస్తే, ఒక్కో తొట్టికి ఒక్కో బిరడా అడుగున మిగులుతుంది. కుడితి పోసి కడిగాక బిరడా విప్పితే నీళ్లు పోతాయి, తొట్టి తిరగేయక్కర్లేదు. చాలామంది చూసుకోకుండా బిరడాల మీదుగా కోసి రెండూ పాడు చేస్తారు.

కోయడానికి జిగ్‌సా వాడండి. ప్లాస్టిక్‌కు గ్రైండర్ పెడితే కరిగి బ్లేడుకు అతుక్కుంటుంది. కోశాక అంచును రంపపు పొడి లేకుండా గీకి, నిలువునా చీల్చిన నీళ్ల పైపు దాని మీద తొడగండి. గేదె మూతి కోసుకోకుండా ఉంటుంది. కోసిన డ్రమ్ముకు బలం సగం పోతుంది, నీళ్లు పోస్తే రెండు అంచులూ బయటికి విచ్చుకుంటాయి. కాబట్టి అంచు చుట్టూ పట్టుకునే ఫ్రేమ్ తప్పనిసరి. అంచు నేల నుంచి రెండడుగుల పైన, రెండున్నర లోపు ఉంటే గేదెకు వీలు. పాలిచ్చే పశువు నోరు పెట్టేది కాబట్టి దీనికి మడ్డి, సిరప్, గుజ్జు డ్రమ్ములే వాడండి. ఇందులో రాజీ పడొద్దు.

వెయ్యి లీటర్ల ట్యాంకులు. నిండితే టన్ను బరువు. మన డెల్టా నల్లమట్టి, అందులోనూ చెరువు గట్టు, వానాకాలంలో దాన్ని మోయలేదు. ఒక పక్కకు కుంగి ట్యాంకు వాలిపోతుంది. కింద సిమెంటు దిమ్మ వేయించండి. ఎత్తు మీద పెట్టి కుళాయికి ఫోర్సు రావాలనుకుంటే, పది అడుగులు లేపినా వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. తోటకు, గిన్నెలకు అది చాలు. షవర్ కోసం స్టాండుకు ఖర్చు పెట్టకండి.

తెల్ల ప్లాస్టిక్ గుండా వెలుతురు పోతుంది కాబట్టి పది రోజుల్లో లోపల ఆకుపచ్చ పాచి పడుతుంది. నల్ల టార్పాలిన్ తొడుగు కుట్టించండి, లేదా కొబ్బరాకు తడికలు కట్టండి. ఎండ నుంచి ప్లాస్టిక్‌ను కూడా అదే కాపాడుతుంది. కింది వాల్వు మరలు లావుగా, మన మామూలు రెండంగుళాల నిపుల్‌కు కుదరకుండా ఉంటాయి. బలవంతంగా బిగిస్తే ప్లాస్టిక్ మర పోతుంది, ఇక ట్యాంకు కారుతూనే ఉంటుంది. దీనికి అడాప్టర్ విడిగా దొరుకుతుంది, అది కొనండి. పక్కన ఇంకో కుళాయి కావాలంటే హోల్‌సాతో చిల్లు పెట్టి రబ్బరు వాషర్లతో ట్యాంక్ నిపుల్ బిగించాలి. ఈ ప్లాస్టిక్‌కు ఎంసీల్ గానీ గమ్ గానీ అంటదు, పైకి అంటినట్టు కనిపించి వారంలో ఊడుతుంది.

వాననీళ్లు పట్టాలనుకుంటే లెక్క సులువు. వంద చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. తొలి వానలో దుమ్ము, రెట్ట వస్తాయి, ఆ నీళ్లు వదిలేసి తర్వాతివి పట్టండి.

తాగడానికి ఎందుకు వద్దంటున్నానంటే, ఈ ట్యాంకులు చాలా చేతులు మారి వస్తాయి. ఒకసారి గ్లిజరిన్ తెచ్చిన ట్యాంకే మరోసారి ఇంకేదో తెచ్చి ఉండొచ్చు. లేబుల్ మీద ఉండేది చివరిగా వచ్చిన సరుకు పేరు ఒక్కటే. కాలువలు కట్టేసిన నెలల్లో పిల్లలు తాగే నీళ్ల కోసం కొత్త ట్యాంకు కొనండి. మిగతా అన్నింటిలో చేసిన పొదుపు దీనికి పెట్టండి.

పంజరం కోసి వేరే పనికి వాడుకునేవాళ్లు ఉన్నారు, కోళ్ల గూడుకు, కట్టెల అరకు బాగుంటుంది. కానీ అది జింకు పూత వేసిన ఇనుము. దాన్ని వెల్డింగ్ చేస్తే తెల్ల పొగ వస్తుంది. అది పీల్చిన రాత్రి చలిజ్వరం పట్టి ఒళ్లంతా నొప్పులు పుడతాయి. మా కుర్రాళ్లు పాలు తాగితే విరిగిపోతుందంటారు. అది నమ్మకం మాత్రమే. అతికేచోట పూత గీకేసి, గాలి వీచే వైపు నిలబడి చేయమని మీ వెల్డర్‌కు చెప్పండి. కుదిరితే వెల్డింగ్ లేకుండా క్లాంపులతో బిగించుకోండి.

ఇనప డ్రమ్ములు, పొయ్యి. లోపల బంగారు రంగులోనో గోధుమ రంగులోనో లక్కలాంటి పూత ఉంటే అది మండినప్పుడు విషపు పొగ వస్తుంది. అది వంట పొయ్యికి వద్దు. పూత లేనిది దొరికితే, వంటనూనె డ్రమ్మే అయినా కోసేముందు సోడాతో జిడ్డు వదిలించి, బిరడాలు తీసి, కోత గీతకు బెత్తెడు కింది వరకు నీళ్లు నింపి అప్పుడు కోయించండి. నేను ఏ ఇనప డ్రమ్మునైనా ఇలాగే కోస్తాను. నీళ్లు నిండితే ఆవిరికి చోటు ఉండదు. పై పెయింటు పోవడానికి ఇంటికి దూరంగా ఒకసారి ఖాళీగా మంట పెట్టాలి.

డ్రమ్ము రేకు మందం ఒక మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది. వెల్డింగ్‌కు 2.5 ఎంఎం రాడ్డు, 60 నుంచి 70 ఆంపియర్లు, చుక్కలు చుక్కలుగా వేయాలి. ఎక్కువ పెడితే రేకు కరిగి చిల్లు పడుతుంది. ఆ రేకు నేరుగా మంటకు రెండు సీజన్లు కూడా ఆగదు. లోపల బంకమట్టి, ఊక కలిపి రెండంగుళాల మందాన మెత్తి, నీడలో ఆరనిస్తే ఏళ్లు వస్తుంది, చుట్టుపక్కల వేడి కొట్టదు.

పొయ్యి కంటే మంచి వాడకం ఒకటి చెబుతాను. మీకు కొబ్బరి చెట్లు ఉంటే, లేదా అంబాజీపేట వైపు నుంచి చిప్పలు తెప్పించుకోగలిగితే, మూత మొత్తం ఊడే డ్రమ్ముతో చిప్పల బొగ్గు చేసుకోవచ్చు. డ్రమ్ముకు అడుగు నుంచి పైకి మూడు వరుసల చిల్లులు పెట్టాలి. అడుగున కొన్ని చిప్పలు అంటించి, మంట పట్టాక మెల్లగా పైవరకు నింపాలి. కింది వరుస చిల్లుల్లో నిప్పు ఎర్రగా కనిపించగానే వాటిని మట్టితో మూసేయాలి, తర్వాత మధ్యవి, తర్వాత పైవి. తెల్ల పొగ తగ్గి పల్చబడ్డాక మూత వేసి అంచంతా మట్టితో మెత్తి తెల్లవారేదాకా కదపకూడదు. తొందరపడి తీస్తే గాలి తగిలి బొగ్గు మొత్తం రాజుకుంటుంది. వంద కేజీల చిప్పలకు పాతిక నుంచి ముప్ఫై కేజీల బొగ్గు వస్తుంది. షెడ్డు లోపల చేయకండి, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

మిగతా వాటి గురించి రెండు ముక్కలు. గుజ్జు వచ్చిన మూత డ్రమ్ము విత్తన ధాన్యానికి చాలా బాగుంటుంది, ఎలుక కొరకలేదు. మన 75 కేజీల బస్తాలు ఒకటిన్నర పడుతుంది. ఎండబెట్టిన ధాన్యాన్ని వేడిగా పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి మొలక దెబ్బతింటుంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే పోయండి. తేమ 12 శాతానికి మించకూడదు. జీవామృతానికి 200 లీటర్ల నీలం డ్రమ్ము సరిగ్గా సరిపోతుంది, కానీ మూత బిగించొద్దు, పులిసేటప్పుడు గ్యాసు వస్తుంది. పైన గోనె గుడ్డ కప్పితే చాలు.

మీ లెక్క ప్రకారం ఎనిమిది నీలం డ్రమ్ముల్లో ఆరు తెప్పకు, ఒకటి రెండు తొట్లకు, ఒకటి జీవామృతానికి సరిపోతాయి. ఇనప డ్రమ్ములు నాలుగూ కొనక్కర్లేదు, పొయ్యికి, బొగ్గుకు ఒక్కొక్కటి చాలు. కొట్టుకు వెళ్లినప్పుడు ప్రతి డ్రమ్ముకు మూడు ఫోటోలు తీయండి: లేబులు, అచ్చు వేసిన కోడ్, బిరడా తీసి టార్చి వేసి లోపల. టార్చి బయటే పట్టుకుని, ముఖం దూరంగా ఉంచి తీయండి. పంజరం ట్యాంకులకు ముందు వైపు రేకు ప్లేటు ఉంటుంది, దాన్ని కూడా తీయండి. అవన్నీ ఇక్కడ పెడితే ఏది కొనొచ్చో, ఏది అక్కడే వదిలేయాలో ఒక్కొక్కటి చూసి చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి.